తుర్దకున్ ఎడమ చెయ్యి

సరస్సుకి దక్షిణపు ఒడ్డున వేటకి గద్దల్ని సాకే ఇళ్ళు చాలానే ఉన్నా, ఏ గద్ద ఎగరడానికి సిద్ధంగా ఉందో చెప్పే చెయ్యి మాత్రం ఒక్కటే ఉండేది. కరాజార్ ఊళ్ళో తుర్దకున్‌ ఎడమ చెయ్యి. కుడిచేతి తొడుగు మీద గద్దని కూర్చోబెట్టుకుని, ఎడమచేతి రెండు వేళ్ళు మెల్లగా ఈకల కిందికి పోనిచ్చి, రొమ్ము ఎముకకి అటూ ఇటూ తడిమి, కళ్ళు మూసుకుని కాసేపు అలా ఉండిపోయేవాడు. తర్వాత మాట పడేది. "ఇంకా కొవ్వుంది, కడిగిన మాంసమే పెట్టు." లేకపోతే, "చాలు, ఇక ఎర్ర మాంసం మొదలెట్టు." లేకపోతే, "రేపు వదులు." అంతే. ఎవరూ ఎదురడిగేవారు కాదు.

ఆ వేళ్ళకి స్పర్శ పోయి అప్పటికి రెండు చలికాలాలు. ఆ సంగతి తుర్దకున్‌కి తప్ప నరమానవుడికి తెలియదు.

ఆయనేమీ పుట్టుకతో గొప్పవాడు కాదు. ఉమ్మడి వ్యవసాయ క్షేత్రంలో ట్రాక్టర్లు బాగుచేసేవాడు. మేనమామకి గద్ద ఉండేది. ఆయన దగ్గర నేర్చుకున్నాడు. దేశం ముక్కలై కొత్త ప్రభుత్వం వచ్చింది, క్షేత్రం మూతపడింది, ట్రాక్టర్లని ముక్కలు చేసి ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకుపోయారు. తుర్దకున్‌కి మిగిలింది ఒక గద్దా, ఒక గుర్రమూ, తన చేతికొచ్చిన పేరూ. ఆ పేరే ఆయన్ని నిలబెట్టింది. పెళ్ళిళ్ళలో పెద్ద కుర్చీ, ఎవరింటికెళ్ళినా ముందు ఆయనకే టీ గిన్నె. మనిషి ఊరికే మొండివాడవుతాడా మరి?

రెండు చలికాలాల కిందట ఆయన గద్ద తుమాన్, నక్క వెంటపడి లోయలోకి దిగి కనబడకుండా పోయింది. మంచులో వెతుకుతూ ఎడమచేతి తొడుగు పారేసుకున్నాడు. గద్ద దొరికింది గానీ ఇంటికొచ్చేసరికి వేళ్ళు పాలలా తెల్లగా అయిపోయాయి. ఊడిపోనందుకు సంతోషించమన్నాడు డాక్టరు. సంతోషించాడు. తర్వాత ఒక పొద్దున పొయ్యి మీది కెటిల్ పట్టుకుంటే, చర్మం కమిలిన వాసన ముక్కుకి తెలిసింది గానీ చేతికి తెలియలేదు. గబుక్కున వెనక్కి తిరిగి చూశాడు, భార్య బాత్మా చూసిందేమోనని. చూడలేదు. అక్కడి నుంచి మొదలైంది ఈ దాపరికం.

ఇందులో ఇంకో చిక్కుంది. ఎండాకాలమంతా తిని కూర్చుని కొవ్వెక్కిన గద్ద, పిలిస్తే పలకదు, వదిలితే తిరిగిరాదు. అందుకని మాంసాన్ని ముక్కలు కోసి, చన్నీళ్ళలో నానబెట్టి, పిండి, మళ్ళీ నీళ్ళు మార్చి, రక్తమంతా పోయి తెల్లబడ్డాక పెడతారు. కడుపు నిండుతుంది, ఒంట పట్టదు. అలా కొవ్వు కరిగించాక, ఎర్ర మాంసం పెడుతూ గుట్ట మీంచి తొడుగు మీదికి పిలవడం, రోజురోజుకీ దూరం పెంచడం, గుర్రానికి నక్కతోలు కట్టి ఈడుస్తూ దాని మీదికి వదలడం. కండ అలా వస్తుంది. ఎక్కడ ఆపాలో, ఎక్కడ మొదలెట్టాలో చెప్పేది వేళ్ళే. రొమ్ము ఎముక వేలికి తగలకపోతే గద్ద లావుగా ఉన్నట్టు. తుర్దకున్ వేళ్ళకి ఇప్పుడు ఏ ఎముకా తగలదు. అందుకని ఏ గద్దని తడిమినా లావుగానే అనిపించేది. ఆ మాట తనకి తాను ఒప్పుకుని ఉంటే ఈ కథే లేదు.

ఆ శరదృతువులో తుమాన్‌కి కడిగిన మాంసం మొదలెట్టాడు. పెళ్ళయి ఆ ఇంట అడుగుపెట్టిన దగ్గర్నుంచీ మాంసం కడిగేది బాత్మాయే. చలికాలమంతా ఆవిడ చేతులు పగిలి ఉండేవి. కానీ గద్దని ముట్టుకున్నది మాత్రం ఎప్పుడూ లేదు. మేనమామ పెట్టిన కట్టుబాటు. ఆడవాళ్ళ చెయ్యి తగిలితే వేట చెడుతుందట. వేట తినడానికి మాత్రం ఆ చేతులే వండాలి. అదీ మన మగవాళ్ళ తెలివి.

కొన్నాళ్ళకి తుమాన్‌ని గుట్ట మీద కూర్చోబెట్టి, దూరంగా నిలబడి పిలిచాడు. తుమాన్ లేచింది, సగం దూరం వచ్చింది, నేల మీద వాలి కూర్చుంది. ఎంత పిలిచినా అక్కడే.

"కొవ్వు," అన్నాడు తుర్దకున్. "ఇంకా కడుగు."

"ఇంకేం కడగను? ఇప్పటికే కాగితంలా ఉంది."

"కడగమన్నానా? కడుగు."

మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. వాలే చోటు రోజురోజుకీ గుట్టకి దగ్గరవుతోంది. తుర్దకున్ మూతి బిగించుకుని ఇంటికి రావడం, కొయ్య మీద గద్దని కూర్చోబెట్టి కాసేపు దాని కళ్ళలోకి చూడడం, విసురుగా లేచి బయటికి వెళ్ళిపోవడం. ఆ కళ్ళు సగం మూసుకుని ఉంటున్నాయి. ఈకలు ఉబ్బించుకుని కూర్చుంటోంది. ఆయనకి కనబడలేదా? కనబడింది. కళ్ళొకటి చెబుతుంటే, పేరు తెచ్చిన వేళ్ళు ఇంకోటి చెబుతున్నాయి. ఆయన వేళ్ళ మాటే విన్నాడు.

ఒక మధ్యాహ్నం కొట్టం ఊడుస్తూ బాత్మా, కొయ్య కింది రెట్ట చూసింది. తెల్లగా ఉండాల్సింది పచ్చగా ఉంది, గడ్డి పసరులా. చీపురు అక్కడే పడేసి కేకేసింది.

"ఇలా రా. ఇది చూడు."

తుర్దకున్ వచ్చి చూశాడు.

"ఆకలికి తన ఒళ్ళు తనే తింటోందిది. నాకే తెలుస్తోంది, నీకు తెలియదూ? చెయ్యి పెట్టి చూడు."

"పొద్దున చూశాను. లావుగానే ఉంది."

"నా ముందు చూడు."

చూశాడు. వేళ్ళు ఈకల కింద అటూ ఇటూ తిరిగాయి. ఆయన నుదురు ముడిపడింది గానీ మొహంలో ఏ కబురూ రాలేదు. బాత్మా చాలాసేపు ఆ మొహంకేసి చూసింది. తర్వాత చేతులు పావడాకి తుడుచుకుని, ఆ ఇంట్లో ఏ ఆడదీ చెయ్యని పని చేసింది. గద్ద రొమ్ము కింద తన వేళ్ళు పెట్టింది.

వెంటనే వెనక్కి తీసుకుంది. ఎముక కత్తి అంచులా ఉంది, రెండు పక్కలా గుంటలు.

"దీన్ని చంపేస్తున్నావయ్యా," అంది. అప్పుడే ఆయన వేళ్ళు పట్టుకుని, గోటితో గట్టిగా నొక్కింది. తుర్దకున్ గద్దనే చూస్తున్నాడు. ఇంకా గట్టిగా నొక్కింది. ఆయన తల తిప్పలేదు.

"ఎప్పటి నుంచి?"

అప్పుడు తల దించి తన చేతిని చూసుకున్నాడు. గోరు దిగిన చోట నెత్తురు పొటమరించింది. "ఆ లోయలోంచి వచ్చిన దగ్గర్నుంచి," అన్నాడు. "ఎవరికీ చెప్పకు."

బాత్మా ఆ పూట తిట్టలేదు. తిట్టడానికి తీరిక లేదు. కుందేలుని కోయించి, వెచ్చటి మాంసం చిన్న చిన్న ముక్కలు చేసి, ఆగి ఆగి పెట్టించింది. ఒక్కసారే పెడితే అరగక చస్తుంది. ఒక ముక్క మింగించి, అది నిలబడిందో లేదో చూసి, ఇంకో ముక్క. ఊపిరి ఆడుతోందా లేదా అని ఇద్దరూ చెరోపక్కా కూర్చుని చూశారు. కొన్నాళ్ళకి రెట్ట రంగు తిరిగింది. ఇంకొన్నాళ్ళకి తుమాన్ తల నిటారుగా పెట్టి కుక్కకేసి కోపంగా చూసింది. బాత్మా ఆ పూటే కాస్త కడుపునిండా తింది.

సరిగ్గా అప్పుడే దిగాడు మెలిస్.

మెలిస్ బాత్మాకి తమ్ముడు. పక్క ఊళ్ళో కాపురం. ఎన్నాళ్ళుగానో కొండలెక్కి వలలు పన్ని, చివరికి ఒక్క ఆడగద్దని తనే పట్టుకున్నాడు. చేతి మీద పెట్టుకుని నిద్రలు మానుకుని మచ్చిక చేశాడు. ఇన్నాళ్ళూ పొడుగు తాడు కట్టే ఎగరేశాడు. ఇక తాడు విప్పడమే మిగిలింది. తాడు విప్పాక గద్ద వచ్చిందా, వాడు గద్దలవాడైనట్టు. రాలేదా, వాడి ఇన్నేళ్ళ కష్టమూ కొండ దాటిపోయినట్టు.

"బావా, నీ గద్దకి జబ్బు చేసిందట కదా," అన్నాడు గుమ్మంలోంచే. "మా అక్క వంట పెట్టావా ఏంటి దానికి?"

"నోర్ముయ్యి, కూర్చో," అంది బాత్మా. నాన్ తుంచి పళ్ళెంలో వేసి, పాలు పోసి టీ కలిపింది. చేతులు పని చేస్తున్నాయి గానీ కళ్ళు మొగుడి మీదే ఉన్నాయి.

మెలిస్ తన గద్దని తెచ్చి తుర్దకున్ ముందు నిలబడ్డాడు. కళ్ళు కప్పే తోలు టోపీ పెట్టుకుని కదలకుండా ఉంది, నిగనిగలాడుతూ. "రేపు వదులుదామనుకుంటున్నా. అందరికీ చెప్పేశాను. నీ చెయ్యి పడితే నాకు ధైర్యం."

తుర్దకున్ లేచాడు. ఎడమ చెయ్యి ఈకల కిందికి పోనిచ్చాడు. ఏమీ తగల్లేదు. ఎప్పట్లాగే. లావుగా ఉందని ఎలా అంటాడు? మొన్ననే ఆ మాటన్నందుకు తుమాన్ చావు అంచుదాకా వెళ్ళింది. ఈ గద్ద కూడా కడిగిన మాంసంతో వారాలు గడిపింది. సన్నబడే ఉంటుంది, ఉండాలి.

"సిద్ధంగా ఉంది," అన్నాడు. "వదులు."

బాత్మా టీ గిన్నె కింద పెట్టింది. కాస్త తొణికింది. మెలిస్ మొహం విప్పారింది. టీ రెండు గుక్కల్లో తాగేసి, అక్క జడ లాగి, వెళ్ళిపోయాడు.

గుర్రపు డెక్కల చప్పుడు పోయేదాకా ఆగింది బాత్మా.

"నీకేం తగిలింది?"

"ఏమీ తగల్లేదు."

"ఏమీ తగలకుండానే వదలమన్నావు."

"లావు అంటే తుమాన్ చావబోయింది. ఇంకేమనను?"

"తెలియదు అనాలి. ఆ మాట అంటే నోరు పడిపోతుందా?"

తుర్దకున్ గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. "ఆ మాట అన్నాక నేనెవర్ని? ట్రాక్టర్ లేదు. ఉద్యోగం లేదు. ఈ చెయ్యి కూడా లేదంటే, పొద్దున్నే లేచి ఎవరికి మొహం చూపించను?"

"నాకు చూపించు. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నాగా." ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంది. "విను. నేను చెప్తే రేపటి నుంచి నువ్వు ఊళ్ళో తల ఎత్తలేవు. పెళ్ళాం బయటపెట్టిందంటారు. నువ్వు చెప్తే ఎత్తగలవు. ఆ ఒక్క తేడా కోసం ఆగుతున్నా. వాడు టోపీ తియ్యబోయే దాకా ఆగుతా. ఆ తర్వాత ఆగను. వాడు నా తమ్ముడు."

ఆ రాత్రి తుర్దకున్ అన్నం ముందు కూర్చున్నాడు గానీ తినలేదు. ఆవిడా అడగలేదు.

పొద్దున కొండ దగ్గర గుర్రాలు చాలానే చేరాయి. ఎండ తేటగా ఉంది, సరస్సు మీంచి చలిగాలి. ఉన్ని టోపీలు చెవుల మీదికి లాక్కుని మగవాళ్ళు ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. కింద చదునులో ఒక రౌతు జీనుకి నక్కతోలు కట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. మెలిస్ పై గట్టు మీద గద్దతో నిలబడ్డాడు. బాత్మా కూడా పైకి ఎక్కింది. ఆడదానికిక్కడేం పనని ఒకడన్నాడు. "నా తమ్ముడి పెళ్ళి అనుకో," అంది ఆవిడ, వాడి వైపు చూడకుండానే.

తుర్దకున్ గట్టుకి నాలుగడుగుల దూరంలో గుర్రం దిగి నిలబడ్డాడు. అందరూ ఆయనకి దారిచ్చారు. ఎవరో ఒకరు, "తుర్దకున్ చెయ్యి పడింది, ఇక తిరుగుంటుందా?" అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది. గాలి ఎటు వీస్తోందో చూశాడు: కొండ మీది నుంచి అవతలి లోయకి. వెళ్ళాలనుకున్న గద్దకి అంతకన్నా మంచి గాలి ఉండదు.

మెలిస్ గద్ద కాళ్ళ తాడు విప్పాడు. చెయ్యి ఊపాడు. కింద రౌతు గుర్రాన్ని అదిలించాడు. నక్కతోలు మంచు మీద దుముకుతూ కదిలింది. మెలిస్ చెయ్యి గద్ద టోపీ మీదికి వెళ్ళింది. బాత్మా ఒక అడుగు ముందుకేసింది.

"ఆగు," అన్నాడు తుర్దకున్.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. మెలిస్ టోపీ వదల్లేదు. "ఏంటి బావా, నక్క పోతోంది."

"పోనీ. వదలకు. ఇది సిద్ధంగా ఉందో లేదో నాకు తెలియదు."

"నిన్న వదలమన్నావుగా?"

"నిన్న కూడా తెలియదు."

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. మెలిస్ మొహం ఎర్రబడింది. "నీ గద్ద మంచం పట్టిందని నాది ఎగరకూడదా? ఇంతమంది ముందు నన్ను ఆటలు పట్టిస్తున్నావా? బావవని ఊరుకుంటున్నా."

"నా వేళ్ళకి స్పర్శ లేదురా. చచ్చుబడిపోయాయి. రెండు చలికాలాలైంది."

"అబద్ధం. ఈ రెండేళ్ళూ ఊరూరా నీ చెయ్యేగా పెట్టావు."

తుర్దకున్ ఎడమచేతి తొడుగు పళ్ళతో లాగి పారేశాడు. దగ్గరికొచ్చి, తన వేళ్ళు తీసుకెళ్ళి మెలిస్ గద్ద పాదం కింద పెట్టి పైకి ఒత్తాడు. టోపీ చీకట్లో ఉన్న గద్ద, కాలికింద ఒంటి వెచ్చదనం తగిలేసరికి పట్టేసింది. నల్లటి గోళ్ళు వేళ్ళలోకి దిగిపోయాయి. నెత్తురు మణికట్టు మీదుగా కారి మెలిస్ తొడుగు మీద పడింది.

"ఇప్పుడు నా మొహం చూడు," అన్నాడు తుర్దకున్ మామూలుగా, వాతావరణం గురించి చెప్పినట్టు. "నా చెయ్యి చూడకు. మొహం చూడు. ఏమైనా కనబడుతోందా?"

మెలిస్ చూశాడు. ఆ మొహంలో నొప్పి లేదు. సిగ్గు మాత్రం ఉంది, ఎవరూ చూడలేనంత. మెలిస్ పెదాలు తెల్లబడ్డాయి.

"చాలయ్యా," అంది బాత్మా. వచ్చి గద్ద కాలు పట్టుకుని మెల్లగా సాగదీసింది. కాలు చాపితే పట్టు సడలుతుంది. ఒక్కో గోరూ ఊడదీసింది. తలకి కట్టుకున్న గుడ్డ విప్పి ఆయన వేళ్ళకి చుట్టి, గట్టిగా ముడి వేసింది. తర్వాత ఎవర్నీ అడక్కుండా, అంతమంది మగవాళ్ళు చూస్తుండగా, గద్ద రొమ్ము కింద తన చెయ్యి పెట్టింది. చాలాసేపు తడిమింది.

"ఎముక దొరకట్లేదు," అంది. "రెండు పక్కలా మెత్తగా, నిండుగా ఉంది. గట్టి తిండేదో తిన్నట్టుంది. ఏం పెట్టావురా దీనికి?"

మెలిస్ తల వంచుకున్నాడు. "ఎలాగూ వదలబోతున్నాం కదా, సత్తువ ఉండాలని... ఈ మధ్య గొర్రె మాంసం పెట్టాను. కడక్కుండా, తిన్నంత."

"టోపీ తీసుంటే ఇప్పుడు ఆ కొండకి అవతల ఉండేది." బాత్మా గద్ద కాళ్ళకి తాడు తనే కట్టింది.

"అక్కా, మరింకెన్నాళ్ళు కడిగింది పెట్టాలి?"

"నా వేలికి తగిలింది నేను చెప్పా. ఎన్నాళ్ళో మీ బావనడుగు. అది ఆయన తలలో ఉంది, వేళ్ళలో కాదు."

అప్పుడు గుంపులోంచి సత్కిన్ గుర్రాన్ని ముందుకి నడిపించాడు. ఆయనది కింది ఊరు, పొడుగాటి మనిషి, ఎక్కువ మాట్లాడడు. "పోయిన చలికాలం నా గద్దని తడిమింది కూడా ఈ చెయ్యేనా?" అన్నాడు.

"ఇదే," అన్నాడు తుర్దకున్. "లావుగా ఉందన్నాను."

"కడిగిన మాంసమే పెట్టమన్నావు. పెట్టాను. ఒక పొద్దున కొయ్య కింద పడి ఉంది." సత్కిన్ కాసేపు కళ్ళెం కేసి చూశాడు. "మాంసం సరిగ్గా చూసుకోలేదని, పాడైంది పెట్టిందని, నా భార్యని అన్నాను. ఆ రోజొక్కటే కాదు. మొన్నటి దాకా అంటూనే ఉన్నాను."

సత్కిన్ తుర్దకున్‌ని తిట్టలేదు, తిడితే బాగుండేది. గుర్రాన్ని తిప్పుకుని దిగువకి వెళ్ళిపోయాడు.

తుర్దకున్ ఆయన వెళ్ళిన దిక్కే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన గుర్రం దగ్గరికి నడిచి, కుడిచేత్తో జీను పట్టుకుని, తంటాలు పడి ఎక్కాడు. చుట్టిన గుడ్డ అప్పటికే తడిసిపోయింది.

"ఆ చెయ్యేసుకుని ఎక్కడికి?" అంది బాత్మా.

"వాళ్ళింటికి. తప్పు నాదని ఆవిడకి చెప్పాలి."

"సత్కిన్ చెప్తాడులే, ఇంటికే కదా వెళ్ళాడు."

"చెప్పడు," అన్నాడు తుర్దకున్. "ఇన్నాళ్ళూ నేను చెప్పానా?"

బాత్మా మంచులో పడున్న తొడుగు తీసి, దులిపి, ఆయన ఒళ్ళో పెట్టి, గుర్రానికి దారిచ్చింది.